సోహో లాఫ్ట్: పాత ఫ్యాక్టరీ అంతస్తు అంత ఖరీదైన ఇల్లు ఎలా అయింది?

క్లుప్తంగా: న్యూయార్క్ నగరం మన్‌హటన్‌లోని సోహోలో పాత ఫ్యాక్టరీ అంతస్తులను బాగుచేసి ఇళ్లుగా అమ్ముతారు. వీటి ధర వెనుక కట్టడం అందం కొంతే ఉంది. ఆగిపోయిన ఒక రహదారి, అనుమతి లేకుండా కాపురం పెట్టిన కళాకారులు, వారి కోసం జోనింగ్‌లో (ఏ ప్రాంతాన్ని దేనికి వాడాలో చెప్పే నగర నియమాల్లో) తెచ్చిన మినహాయింపు, కూల్చివేతకు అడ్డుపడిన వారసత్వ హోదా కలిసి ఈ మార్కెట్‌ను తయారుచేశాయి. 2021లో నగరం నిబంధనలు మార్చినా పాత చిక్కులు పూర్తిగా విడిపోలేదు.

న్యూయార్క్‌లో ఇళ్ల అమ్మకాల ప్రకటనలు చదివేవారికి సోహో దగ్గరికి వచ్చేసరికి ఒక వింత షరతు ఎదురవుతుంది. ఎత్తైన పైకప్పు, యుద్ధానికి ముందటి (ప్రీవార్) కట్టడం, పోత ఇనుప స్తంభాలు, ఇటుక గోడ, నిలువెత్తు కిటికీలు అంటూ వరసగా చెప్పుకొచ్చి, ఈ ఇంట్లో ఉండేవారు నగర సాంస్కృతిక వ్యవహారాల శాఖ గుర్తించిన కళాకారులై ఉండాలని చివర్లో చిన్నగా చెబుతారు. ధర మాత్రం మిలియన్ల డాలర్లలో ఉంటుంది. బొమ్మలు వేసుకునేవారికి అంత డబ్బెక్కడిది, అంత డబ్బున్నవారు బొమ్మలెందుకు వేయాలి అనే సందేహం ఎవరికైనా వస్తుంది. న్యూజెర్సీ నుంచి నగరంలోకి మారదామని చూసే తెలుగు కుటుంబాలకు ఈ షరతు మరీ కొత్తగా అనిపిస్తుంది. దీనికి జవాబు భవనంలో కొంత, చట్టంలో చాలా ఉంది.

ముందు రెండు మాటల సంగతి. ఇక్కడ లాఫ్ట్ అంటే మన ఇళ్లలో పాత సామాను పెట్టే అటక కాదు. గోడలు, గదులు లేకుండా ముందు నుంచి వెనక దాకా ఒకటే హాలుగా ఉండే ఫ్యాక్టరీ లేదా గోదాము అంతస్తు. ఇక ప్రీవార్ అంటే రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కట్టినది. సోహో భవనాల్లో చాలావరకు అంతకంటే బాగా పాతవి, 1850కీ 1890కీ మధ్య లేచినవి.

### ఇనుప ముఖం, చెక్క ఎముకలు

హౌస్టన్ స్ట్రీట్‌కు దక్షిణాన ఉండటం వల్ల ఈ ప్రాంతానికి సోహో అనే పేరు వచ్చింది. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఇది బట్టల టోకు వ్యాపారానికి కేంద్రం. వ్యాపారులకు మూడు అవసరాలు ఉండేవి: సరుకు పెట్టుకోవడానికి చోటు, కొనేవాళ్లకు చూపించడానికి వెలుతురు, కొనేవాళ్ల మీద ముద్ర వేసే హంగు. మూడింటినీ తక్కువ ఖర్చులో తీర్చింది పోత ఇనుము.

స్తంభాలు, కమానులు, అంచుల నగిషీలు ఫౌండ్రీలో అచ్చుపోసి, బండ్ల మీద తెచ్చి, బోల్టులతో బిగించేవారు. జేమ్స్ బొగార్డస్, డేనియల్ బ్యాడ్జర్ లాంటివారు ఈ వ్యాపారాన్ని పెంచారు. రాతిలో చెక్కాలంటే నెలలు పట్టే నగిషీ అచ్చులో పోస్తే త్వరగా వస్తుంది. పైన రంగు వేస్తే దూరం నుంచి రాయిలాగే కనిపిస్తుంది. బ్రూమ్ స్ట్రీట్, బ్రాడ్‌వే కూడలిలో 1857లో కట్టిన హావౌట్ భవనం ఈ పద్ధతికి పేరున్న ఉదాహరణ. ఎలైషా ఓటిస్ ప్రయాణికుల లిఫ్టు మొదటిసారి వాణిజ్యపరంగా పనిచేసింది ఆ భవనంలోనే. ఐదంతస్తుల మేడకు అప్పట్లో లిఫ్టు తప్పనిసరేమీ కాదు. పింగాణీ, గాజు సామాను కొనడానికి వచ్చేవారిని ఆకర్షించడం కూడా దాని పనుల్లో ఒకటి.

న్యూయార్క్‌లో మామూలు స్థలం వెడల్పు 25 అడుగులు, లోతు 100 అడుగులు. రెండు పక్కలా పొరుగు భవనాలు ఆనుకునే ఉంటాయి కాబట్టి పక్క గోడలకు కిటికీలు పెట్టలేరు. వెలుతురు ముందు నుంచి, వెనక నుంచి మాత్రమే రావాలి. ఇటుక గోడ అయితే భారం మోయడానికి మందంగా ఉండాలి, కిటికీ చిన్నదవుతుంది. పోత ఇనుప స్తంభం సన్నగా ఉండి కూడా ఎక్కువ బరువు మోస్తుంది. అందుకే సోహో కిటికీలు అంత పెద్దవి. పైకప్పు ఎత్తు కూడా అందుకే: కిటికీ ఎంత పైకి వెళ్తే వెలుతురు అంత లోపలికి పాకుతుంది. నేలమాళిగల్లోకి వెలుతురు పంపడానికి ఫుట్‌పాత్‌లోనే గుండ్రటి గాజు బిళ్లలు బిగించిన ఇనుప పలకలు వేశారు. అవి ఇప్పటికీ కొన్ని వీధుల్లో కాళ్ల కింద తగులుతాయి.

ఇనుము ఎక్కువగా ముఖభాగంలోనూ, లోపలి స్తంభాల్లోనూ ఉంటుంది. చాలా భవనాల్లో అంతస్తును మోసేవి చెక్క దూలాలు, వాటికి ఆసరా పక్కనున్న ఇటుక గోడలు. పోత ఇనుము నొక్కుడు బరువును బాగా తట్టుకుంటుంది, వంపును తట్టుకోలేదు. అగ్నిప్రమాదంలో ఎర్రగా కాలిన స్తంభం మీద చల్లటి నీళ్లు పడితే పగిలిపోవచ్చు. గుడ్డపీలికలు, కాగితం, రసాయనాలు నిండిన ఈ మేడలను అగ్నిమాపక సిబ్బంది ఒకప్పుడు నరకపు వంద ఎకరాలు అని పిలిచేవారు. 1958 ఫిబ్రవరి 14న వూస్టర్ స్ట్రీట్‌లో కాలుతున్న భవనం కూలి, మంటలార్పడానికి వెళ్లిన ఆరుగురు చనిపోయారు. ఇప్పుడు అదే చెక్క దూలాన్ని పాలిష్ పట్టి ప్రకటనలో మొదటి ఆకర్షణగా చూపిస్తారు.

### ఎందుకు ఖాళీ అయింది, ఎందుకు కూల్చలేదు

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఉత్పత్తి తీరు మారింది. సరుకును లిఫ్టులో ఐదో అంతస్తుకు ఎక్కించి దించడం కన్నా, శివారులో ఒకే అంతస్తు షెడ్డు వేసి లారీని నేరుగా లోపలికి తీసుకెళ్లడం చవక. సోహో వీధులు ఇరుకు. పెద్ద లారీ తిరగదు. బట్టల ఫ్యాక్టరీలు దక్షిణాది రాష్ట్రాలకూ తర్వాత విదేశాలకూ తరలాయి. పై అంతస్తులు ఒక్కొక్కటిగా ఖాళీ అయ్యాయి.

మామూలుగా ఇలాంటి చోట పాతవి పడగొట్టి కొత్తవి కడతారు. సోహోలో అలా జరగకపోవడానికి కారణం రాబోతుందని అందరూ అనుకున్న ఒక రహదారి. తూర్పున ఉన్న వంతెనల నుంచి పడమర హాలండ్ టన్నెల్ దాకా, బ్రూమ్ స్ట్రీట్ మీదుగా పది వరసల ఎలివేటెడ్ ఎక్స్‌ప్రెస్‌వే కట్టాలని, నగరంలో పెద్ద రోడ్లు, వంతెనలు కట్టించిన అధికారి రాబర్ట్ మోసెస్ పట్టుబట్టారు. ఏ రోజైనా భూసేకరణ నోటీసు రావచ్చనుకున్న యజమాని భవనం మీద పైసా పెట్టడు, అమ్మబోయినా కొనేవాడుండడు. అలా కొన్నేళ్లు ఈ ప్రాంతం గడ్డకట్టినట్టు ఉండిపోయింది. నగరాల గురించి రాసిన రచయిత్రి జేన్ జేకబ్స్ సహా స్థానికులు గట్టిగా పోరాడారు. 1968 ఏప్రిల్‌లో జరిగిన ఒక బహిరంగ విచారణలో ఆమెను అరెస్టు కూడా చేశారు. 1969లో ప్రాజెక్టు రద్దయింది. రాని రోడ్డు చేసిన మేలు ఏమిటంటే, అది రాదని తేలేదాకా కొత్త కట్టడాన్ని కూడా రానివ్వలేదు.

ఇంకో అడ్డు కూడా ఉంది. ఈ ప్రాంతాన్ని కూల్చి ఇళ్లు కట్టాలన్న ఆలోచన వచ్చినప్పుడు నగర ప్రణాళికా విభాగం ఆర్థికవేత్త చెస్టర్ రాప్‌కిన్‌తో అధ్యయనం చేయించింది. 1963లో వెలువడిన ఆ నివేదిక చెప్పింది సూటిగా: ఇవి పనికిరాని భవనాలు కావు, వేరేచోట ఉద్యోగం దొరకడం కష్టమైన నల్లజాతి, ప్యూర్టో రికన్ కార్మికులకూ స్త్రీలకూ ఇవి ఉపాధినిస్తున్నాయి. అంటే సోహోను మొదట కాపాడిన వాదన కళ గురించి కాదు, కూలీ గురించి. సోహో కథ చెప్పేవారు ఎక్కువగా కళాకారుల దగ్గర మొదలుపెట్టి అక్కడే ముగిస్తారు. ఏ కార్మికుల పేరుతో భవనాలు నిలిచాయో వాళ్లే తర్వాతి అధ్యాయాల్లో కనిపించరు.

### దొంగచాటు కాపురాలు

అప్పటికి అమెరికన్ చిత్రకళలో కాన్వాసుల సైజు పెరిగింది, శిల్పాల బరువూ పెరిగింది. అపార్ట్‌మెంట్ గదిలో పట్టవు. ఫ్యాక్టరీ అంతస్తు ఎంత బరువు మోస్తుందో తెలియాలంటే వూస్టర్ స్ట్రీట్ 141వ నంబరు భవనం చూడాలి. కళాకారుడు వాల్టర్ డి మరియా 1977లో అక్కడ 3,600 చదరపు అడుగుల అంతస్తును 2,80,000 పౌండ్ల మట్టితో నింపారు. చదరపు అడుగుకు సుమారు 78 పౌండ్లు. ఇళ్ల అంతస్తులను డిజైన్ చేసేటప్పుడు వాడుక బరువుగా సాధారణంగా లెక్కవేసేది 40 పౌండ్లే. ఆ మట్టి ఇప్పటికీ అక్కడే ఉంది.

అద్దె చవకే గానీ కాపురం ఉండటం నేరం. 1961 జోనింగ్ చట్టం ఫ్యాక్టరీలకూ ఇళ్లకూ మధ్య గీత గీసింది. సోహో తయారీ జోన్‌లో పడింది. దాంతో కళాకారులు స్టూడియో పేరుతో వాణిజ్య లీజు తీసుకుని, పరుపులు దాచుకుని, రాత్రిళ్లు కిటికీలకు నల్లగుడ్డ కట్టుకుని ఉండేవారు. వంటగది, స్నానాలగది, వేడి నీళ్లు, కరెంటు వైరింగ్ అన్నీ సొంత ఖర్చే. వాణిజ్య లీజు కాబట్టి అద్దె నియంత్రణ వర్తించదు. ఖాళీ చేసేవాళ్లు తాము పెట్టించిన సింకు, బాత్‌టబ్‌ల ఖరీదును లోపలికి వచ్చేవాళ్ల దగ్గర వసూలు చేసుకునే ఆచారం అలా పుట్టింది. ఖర్చు అద్దెదారుది, విలువ పెరిగేది యజమాని భవనానిది. తర్వాతి చట్టాలన్నీ ఈ తగువు చుట్టూనే తిరిగాయి.

1961లో అగ్నిమాపక శాఖ తనిఖీలతో ఖాళీ చేయించడం మొదలుపెట్టింది. గ్యాలరీలకు, మ్యూజియాలకు తమ పనులివ్వకుండా సమ్మె చేస్తామని కళాకారులు హెచ్చరించారు. మేయర్ వాగ్నర్ రాజీకొచ్చారు. భవనం బయట ఏ.ఐ.ఆర్. (ఆర్టిస్ట్ ఇన్ రెసిడెన్స్, అంటే ఇక్కడ కళాకారుడు ఉంటున్నాడని) అనే అక్షరాలూ అంతస్తు నంబరూ ఉన్న పలక పెడితే కళాకారులు ఉండొచ్చు. పలక గౌరవానికి కాదు, మంటలొస్తే పైన మనిషి ఉన్నాడని ఫైర్ సిబ్బందికి తెలియడానికి.

కొనుక్కునే దారి చూపినవాడు ఫ్లక్సస్ అనే ప్రయోగాత్మక కళాకారుల బృందం నడిపిన జార్జ్ మాచ్యూనస్. భవనాన్ని నలుగురైదుగురు కళాకారులు కలిసి కొని, సహకార సంఘంగా ఏర్పడి, తలా ఒక అంతస్తు పంచుకోవాలన్నది ఆయన ఆలోచన. 1967లో 80 వూస్టర్ స్ట్రీట్‌తో అది రూపందుకుంది. ఇలాంటి సంఘాలు ఆయన వరసగా పెట్టించారు. వాటాలు అమ్మే ముందు రాష్ట్ర అటార్నీ జనరల్‌కు వివరాలు దాఖలు చేయాలన్న నియమాన్ని మాత్రం లెక్కచేయలేదు. అధికారులు వెంటపడితే తలుపుకు పదునైన బ్లేడ్లు బిగించుకున్నాడు. సోహోలో ఇప్పటికీ కో-ఆప్‌లు, అంటే ఇలాంటి సహకార సంఘాలు, ఎక్కువ ఉండటానికి ఈ ఆరంభం ఒక కారణం. కో-ఆప్‌లో కొనేది ఫ్లాట్ కాదు, సంఘంలో వాటా. మన దగ్గర సేల్ డీడ్ రిజిస్ట్రేషన్‌కు అలవాటుపడ్డవారు ఇక్కడే తికమకపడతారు. సంఘం బోర్డు కొనేవారి ఆదాయం, అప్పులు అన్నీ చూసి ఒప్పుకుంటేనే అమ్మకం జరుగుతుంది.

### 1971 మినహాయింపు, దాని లొసుగు

1971లో నగరం సోహోకు ప్రత్యేక జోన్లు సృష్టించింది. తయారీ జోన్ అలాగే ఉంటుంది, కానీ అందులో కళాకారులు ఉంటూ పనిచేసుకునే నివాసాన్ని ఒక రకం పనిచోటుగా గుర్తిస్తారు. ఐదేళ్లకు ఇదే ఏర్పాటు హౌస్టన్ స్ట్రీట్‌కు ఉత్తరాన ఉన్న నోహోకూ వచ్చింది. ఇంట్లో ఒక్కరైనా ధ్రువీకరణ పొందిన కళాకారుడు ఉండాలి. తను చేసిన పనులు, తనకు ఇంత పెద్ద చోటు ఎందుకు కావాలో చూపించాలి.

నిబంధన రాసినవారి దృష్టిలో ఇల్లు అనేది ఇక్కడ ప్రధాన వినియోగం కానే కాదు, చిత్రకారుడు ఒక రకం చిన్న తయారీదారు. చట్టపరంగా ఇది తెలివైన మెలిక. ఆచరణలో లొసుగు ఏమిటంటే, షరతు మనిషి మీద ఉంది, ధర మీద లేదు. కళాకారుడు అమ్ముకునేటప్పుడు కొనేవాడు కూడా కళాకారుడేనా అని గట్టిగా అడిగే యంత్రాంగం దశాబ్దాల తరబడి లేదు. లాయర్లు దానికి ఒక కాగితం కనిపెట్టారు. షరతు సంగతి నాకు తెలుసు, రేపు సమస్య వస్తే బాధ్యత నాదే అని కొనేవారు కో-ఆప్‌కు సంతకం చేసి ఇచ్చే ఆ పత్రానికి సోహో లెటర్ అని పేరు స్థిరపడింది. కొన్ని బ్యాంకులు ఈ షరతు చూసి లోన్ ఇవ్వడానికి జంకేవి. నగదుతో కొనగలిగినవారికి అది అడ్డే కాదు. డబ్బు తక్కువున్నవారి కోసం పెట్టిన షరతు చివరికి డబ్బు ఎక్కువున్నవారికే అనుకూలించింది.

పన్నుల విధానం కూడా అదే దిక్కున లాగింది. పాత అపార్ట్‌మెంట్ల మరమ్మతులకు ఇచ్చే జే-51 పన్ను రాయితీని 1975లో ఫ్యాక్టరీ భవనాలను ఇళ్లుగా మార్చేవారికీ విస్తరించారు. అప్పట్లో నగరం దివాలా అంచున ఉంది. ఖాళీ భవనం నుంచి ఎలాగోలా ఆదాయం రావాలన్న తొందర అర్థం చేసుకోదగ్గదే. కానీ ఇంకా నడుస్తున్న చిన్న కార్ఖానాలను కూడా ఖాళీ చేయించడం యజమానికి లాభసాటి అయింది.

### లాఫ్ట్ చట్టం, మన క్రమబద్ధీకరణ

సోహో వరకు సరే, మిగతా మన్‌హటన్, బ్రూక్లిన్‌లలో అక్రమంగా లాఫ్ట్‌లలో ఉంటున్న అద్దెదారుల సంగతేమిటి? 1982లో న్యూయార్క్ రాష్ట్రం లాఫ్ట్ చట్టం తెచ్చింది. 1980 ఏప్రిల్ 1 నుంచి 1981 డిసెంబర్ 1 మధ్య మూడు అంతకన్నా ఎక్కువ కుటుంబాలు నివసించిన వాణిజ్య భవనాలను తాత్కాలిక నివాస భవనాలుగా గుర్తించింది. లాఫ్ట్ బోర్డు అనే సంస్థను పెట్టింది. 2010లోనూ, 2019లోనూ గడువు తేదీలు మార్చి మరిన్ని భవనాలను కలిపారు.

తెలుగు రాష్ట్రాల్లో అనుమతి లేని కట్టడాల క్రమబద్ధీకరణ అందరికీ తెలిసిన వ్యవహారమే. తెలంగాణలో బీఆర్ఎస్ (బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్), ఆంధ్రప్రదేశ్‌లో బీపీఎస్ (బిల్డింగ్ పీనలైజేషన్ స్కీమ్) పథకాలు ఆ కోవలోవే. వాటిలో యజమాని రుసుము కడతాడు, ప్లాన్‌కు మించి కట్టిన భాగానికి ముద్ర పడుతుంది. అద్దెకున్నవారి ప్రస్తావన పెద్దగా ఉండదు. లాఫ్ట్ చట్టం లెక్క వేరు. యజమాని రుసుము కట్టి ఊరుకుంటే సరిపోదు. రెండు నిష్క్రమణ మార్గాలు, అగ్ని రక్షణ వంటి భద్రతా ప్రమాణాలకు భవనాన్ని తెచ్చి, నివాసయోగ్యతా పత్రం, అంటే మనం ఓసీ అనేది, సంపాదించాలి. ఆ ఖర్చులో కొంత అద్దె మీద వేసుకోవచ్చు. కానీ ఉన్నవారిని ఖాళీ చేయించడానికి లేదు, అద్దె నియంత్రణలోకి వస్తుంది. అద్దెదారు పెట్టించిన సామాను విలువకు కూడా చట్టం గుర్తింపునిచ్చింది.

దీని నష్టం కాలయాపన. ఓసీ వచ్చేదాకా భవనం అటూ ఇటూ కాని స్థితిలో ఉంటుంది. అలా దశాబ్దాల పాటు ఉండిపోయినవి ఉన్నాయి. ఓసీ రాని లాఫ్ట్‌లను తక్కువకు కొని, పత్రాలు సరిచేయించి, ఎక్కువకు అమ్మే వ్యాపారం కూడా అక్కడి నుంచే పెరిగింది.

### కూల్చడానికి లేదు, పెంచడానికీ లేదు

1973లో సోహోను పోత ఇనుప భవనాల చారిత్రక ప్రాంతంగా, నగర వారసత్వ కట్టడాలను చూసుకునే ల్యాండ్‌మార్క్స్ కమిషన్ ప్రకటించింది. 26 బ్లాకులు, సుమారు 500 భవనాలు. 2010లో సరిహద్దు ఇంకాస్త విస్తరించింది. కూల్చివేతకే కాదు, కిటికీ మార్చడానికీ, ముఖభాగం రంగుకూ, వీధి నుంచి కనిపించేలా మిద్దె మీద గది వేయడానికీ అనుమతి కావాలి. లోపలి భాగం మాత్రం, ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, కమిషన్ పరిధిలోకి రాదు.

దీని ఆర్థిక ఫలితం తేలికగానే అర్థమవుతుంది. కోరుకునేవారు పెరుగుతారు, కొత్తవి కట్టడానికి వీల్లేదు. ముంబై మిల్లులతో పోలిస్తే తేడా తెలుస్తుంది. న్యూయార్క్ లాఫ్ట్ చట్టం వచ్చిన 1982లోనే ముంబై మిల్లు కార్మికుల పెద్ద సమ్మె మొదలైంది. ఆ మిల్లుల్లో తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలి కార్మికులూ ఉన్నారు. తర్వాత మిల్లు భూముల అభివృద్ధికి 1991లో నిబంధన తెచ్చారు. నగరానికీ, చవక ఇళ్లకూ చెరో వాటా పోవాలన్న లెక్కను 2001లో సవరించి, ఖాళీ స్థలానికే పరిమితం చేశారు. 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. అక్కడ విలువ భూమిది కాబట్టి మిల్లు షెడ్డు పోయి టవరు వచ్చింది. సోహోలో స్థలం 25 అడుగుల ముక్కలు, యజమానులు అనేకులు, పైగా వారసత్వ హోదా. కాబట్టి విలువ కట్టడంలోనే చిక్కుకుంది. కార్మికుడి వరకు చూస్తే రెండు చోట్లా ఫలితం ఒకటే.

### బాగుచేయడం అంటే ఏం చేస్తారు

లాఫ్ట్ రెనోవేషన్‌లో అన్నిటికన్నా పెద్ద సమస్య పొడవు. వంద అడుగుల హాలుకు రెండు చివర్లే కిటికీలు. పడకగదికి కిటికీ ఉండాలని నివాస నిబంధనలు అంటాయి. ముందు భాగం హాలుకు పోతే, వెనక ఒకటి రెండు పడకగదులు వస్తాయి. మధ్యలో చీకటి భాగం మిగులుతుంది. అక్కడ స్నానాలగదులు, అల్మారాలు పెట్టాక ఇంకా చోటుంటే ప్లాన్‌లో హోమ్ ఆఫీస్ అని రాస్తారు. అందులో మంచం వేసుకుంటారని గీసినవారికీ తెలుసు, కొన్నవారికీ తెలుసు. నాలుగు పడకగదుల లాఫ్ట్ అని ప్రకటన చెబితే ప్లాన్ తీసి కిటికీలు లెక్కపెట్టుకోవాలి.

రెండోది నీళ్లు. ఫ్యాక్టరీ అంతస్తుకు ఒక మూల ఒకటి రెండు టాయిలెట్లు ఉండేవి, పైపులు అక్కడే నిలువునా దిగుతాయి. వంటగదిని, బాత్రూమ్‌ను ఆ పైపుకు దూరంగా జరపాలంటే వాలు కోసం నేల ఎత్తు పెంచాలి. పైగా కింది ఇంటివారి హాలు, పడకగది మీద మన స్నానాలగది రాకూడదని చాలా కో-ఆప్‌లు నియమం పెట్టుకున్నాయి. అందువల్ల ఎంత ఖరీదైన డిజైనర్ వచ్చినా పాత టాయిలెట్ ఉన్న మూల చుట్టూనే తిరగాల్సి వస్తుంది.

ఇటుక గోడ ముచ్చట వేరే. మొదట ఈ గోడలకు లోపల చాలాచోట్ల సున్నపు ప్లాస్టరింగ్ ఉండేది. 1970లలో దాన్ని గీకేయడం ఫ్యాషన్ అయింది. లోపలి వైపుకు వాడిన ఇటుక మెత్తది, బయట కనిపించడానికి కాల్చింది కాదు. ప్లాస్టరింగ్ తీసేస్తే పొడి రాలుతుంది, వెచ్చదనం పోతుంది, పక్కింటి చప్పుడు వినిపిస్తుంది. సందులు పూడ్చడానికి సున్నం బదులు సిమెంటు వాడితే ఇంకా చేటు. సిమెంటు గట్టిది, తేమను వదలదు. గోడ కదిలినప్పుడు, తడిసినప్పుడు ఆ ఒత్తిడి ఇటుక మీద పడి అది పెచ్చులూడుతుంది. ఇల్లు పాతగా కనిపించాలని చేసే పని ఇంటినే పాడుచేస్తుందన్నమాట.

నేల సంగతి కూడా అంతే. నూరేళ్లకు పైగా యంత్రాలు మోసిన చెక్క దూలాలు మధ్యలో కుంగి ఉంటాయి. సమం చేయాలంటే పైన పొరలు వేయాలి, అవి మళ్లీ బరువు. 1960కి ముందటి కట్టడం కాబట్టి రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఆస్‌బెస్టాస్ లేదని తేల్చాకే పని మొదలుపెట్టాలి. సరుకు లిఫ్టు నేరుగా ఇంట్లోకే తెరుచుకోవడం లాఫ్ట్‌ల ప్రత్యేకత. తాళం చెవి తిప్పితేనే ఆ అంతస్తులో ఆగుతుంది. అది చూడ్డానికి బాగుంటుంది గానీ మెట్ల దారి విడిగా, సురక్షితంగా ఉందో లేదో చూసుకోవడం ముఖ్యం.

వీటన్నిటికీ భిన్నంగా చేసిన ఉదాహరణ 101 స్ప్రింగ్ స్ట్రీట్. 1870లో నికోలస్ వైట్ డిజైన్ చేసిన ఈ ఐదంతస్తుల భవనాన్ని కళాకారుడు డొనాల్డ్ జడ్ 1968లో 68,000 డాలర్లకు కొన్నారు. మొత్తం భవనం ధర అది. మూల మీద ఉండటంతో రెండు వైపుల వెలుతురు వస్తుంది. జడ్ గదులు కట్టలేదు. ఒక్కో అంతస్తును తినడానికి, పనికి, పడకకు అని విడదీశారు. ఆయన చనిపోయాక జడ్ ఫౌండేషన్ ముఖభాగపు ఇనుప భాగాలను విప్పించి బాగుచేయించి, అగ్ని భద్రత ఏర్పాట్లను కంటికి ఆనకుండా అమర్చి 2013లో సందర్శకులకు తెరిచింది. అమ్మకానికి చేసే రెనోవేషన్‌లో మొదట పోయేది జడ్ కాపాడిన ఆ ఖాళీయే. విశాలత చూపించి అమ్ముతారు, కొన్నాక నాలుగు గదులుగా కోస్తారు.

### గ్యాలరీలు వెళ్లాక

పౌలా కూపర్ 1968లో ప్రిన్స్ స్ట్రీట్‌లో గ్యాలరీ తెరిచారు. 1971లో గ్యాలరీ యజమాని లియో కాస్టెల్లి తదితరులు 420 వెస్ట్ బ్రాడ్‌వేకి వచ్చారు. పాతికేళ్లు తిరగకుండానే అద్దెలు భరించలేక గ్యాలరీలు మన్‌హటన్‌లోనే ఉన్న చెల్సీ వైపు తరలడం మొదలైంది. 2001లో బ్రాడ్‌వే మీద ఒకప్పటి గుగ్గెన్‌హైమ్ మ్యూజియం శాఖ ఉన్న చోట ప్రాడా దుకాణం, మరుసటి ఏడాది ప్రిన్స్ స్ట్రీట్ పాత పోస్టాఫీసులో ఆపిల్ స్టోర్ వచ్చాయి. కళాకారులు అడుగుపెడితే అద్దెలు పెరుగుతాయన్నది ఇప్పుడు అరిగిపోయిన మాట. సోహో విషయంలో ఇంకాస్త నిక్కచ్చిగా చెప్పాలంటే, అద్దెకున్న కళాకారులు పోయారు, కో-ఆప్ వాటా కొన్నవారిలో కొందరు నిలిచారు, అమ్ముకున్నవారు లాభపడ్డారు. పేదరికం ఒకటే అయినా పత్రం ఎవరి చేతిలో ఉందన్నదే తేడా చూపింది.

### 2021 మార్పు తెచ్చినవి

2021 డిసెంబర్‌లో సిటీ కౌన్సిల్ సోహో, నోహోలను రీజోన్ చేసింది. కళాకారులు కానివారు కూడా చట్టబద్ధంగా నివసించవచ్చు, కొత్త అపార్ట్‌మెంట్లు కట్టవచ్చు, అందులో కొంత భాగం చవక ఇళ్లుగా ఇవ్వాలి. సుమారు 3,000 కొత్త ఇళ్లు, అందులో 900 వరకు అందుబాటు ధరలో వస్తాయని నగరం అంచనా వేసింది. కింది అంతస్తుల్లో దుకాణాలకు ఇదివరకు కావలసిన ప్రత్యేక అనుమతులూ తగ్గాయి.

సమర్థించినవారు చూపిన కారణం ఇది సంపన్న ప్రాంతం, మెట్రో రైళ్లు దగ్గర, ఇక్కడ ఇళ్లు పెరగకపోతే ఇంకెక్కడ పెరుగుతాయని. వ్యతిరేకించినవారు, చవక ఇళ్ల పేరుతో ఆఫీసులు, పెద్ద దుకాణాలు వస్తాయనీ, అద్దె నియంత్రణలో ఉన్న పాత అద్దెదారుల మీద ఒత్తిడి పెరుగుతుందనీ అన్నారు. రెండు వాదనల్లోనూ పస ఉంది. చారిత్రక ప్రాంతం లోపల పెద్ద కట్టడాలకు ల్యాండ్‌మార్క్స్ అనుమతి ఎలాగూ తప్పదు కాబట్టి, మార్పు ఎక్కువగా అంచుల్లో ఉన్న ఖాళీ స్థలాల్లో, పార్కింగ్ స్థలాల్లో కనిపించే వీలుంది.

లాఫ్ట్ యజమానులను నేరుగా తాకింది మరో నిబంధన. కళాకారుల నివాసాన్ని మామూలు ఇల్లుగా మార్చుకోవాలంటే చదరపు అడుగుకు 100 డాలర్లు ఆర్ట్స్ ఫండ్‌కు, అంటే కళలకు తోడ్పడే నిధికి, కట్టాలని 2021 మార్పులో పెట్టారు. 2,500 చదరపు అడుగుల లాఫ్ట్‌కు అది 2,50,000 డాలర్లు. యాభై ఏళ్ల కిందట తన చేతులతో నేల వేసుకున్న ముసలి శిల్పి అయినా, నిరుడు కొన్న ఫైనాన్స్ ఉద్యోగి అయినా రేటు ఒకటే. ఇది రాజ్యాంగ విరుద్ధమంటూ యజమానులు కోర్టుకెక్కారు.

దీంతో కొనేవారి లాయర్లు అడిగే ప్రశ్నలు తగ్గకపోగా పెరిగాయి. ఓసీలో ఈ అంతస్తు ఏమని రాసి ఉంది? కళాకారుల నివాసమా, మామూలు ఇల్లా, ఇంకా ఫ్యాక్టరీయేనా? భవనంలో లాఫ్ట్ చట్టం రక్షణ ఉన్న అద్దెదారులున్నారా? మార్పిడి రుసుము ఎవరు కట్టాలి, సొమ్ము కట్టాక కో-ఆప్ మొత్తం ఓసీ సవరించడానికి బోర్డు ఒప్పుకుంటుందా? ఒకే మేడలో మూడో అంతస్తు మామూలు ఇల్లుగా మారి, నాలుగో అంతస్తు కళాకారుల నివాసంగానే మిగిలితే, రెండింటి కిటికీలూ స్తంభాలూ ఒకటే అయినా బ్యాంకు ఇచ్చే లోనూ అమ్మకపు ధరా ఒకటిగా ఉండవు.